జూదమున గెలుపు

జూదము చెడ్డదని మన పాఠశాలలో చదువుకొను బాలబాలికలలో ఎరుగనివారు లేరు. నీతిపాఠములలో చెప్పుదుము, ప్రార్థన కూటములలో చెప్పుదుము, సంక్రాంతి సెలవులకు వసతిగృహము మూయునాడు మరల ఒకసారి చెప్పి పంపుదుము. చెప్పునపుడు సాధారణముగా ఓడినవారి కథలనే చెప్పుదుము. ధర్మరాజు రాజ్యమును, తమ్ములను, తన్నును, తుదకు ద్రౌపదిని ఒడ్డి ఓడిన కథ సభాపర్వమునందున్నది. నలుడు సోదరుడైన పుష్కరునితో పాచికలాడి సర్వమును పోగొట్టుకొని భార్యతో అడవిపాలైన కథ అరణ్యపర్వమునందున్నది. అతి ప్రాచీనమైన ఋగ్వేదమునందే, పదియవ మండలములో, ఒక జూదరి తన దురవస్థను తలచుకొని విలపించు సూక్తము కలదు. పల్నాటి వీరుల కథ వినినవారికి ఒక కోడిపందెము ఎంతటి వైరమునకు దారితీసినదో తెలియును.

ఈ కథలన్నియు మంచివే, చెప్పదగినవే. అయినను వీటిని చెప్పు విధమునందొక లోపము కలదు. ఓడినవాని కథ మాత్రమే విన్న బాలుడు జూదమాడరాదని నేర్చుకొనడు, ఓడరాదని నేర్చుకొనును. శకుని వలె ఆడవలెను గాని ధర్మరాజు వలె ఆడరాదని మనసులో అనుకొనును. గెలిచినవాని మాట యేమి? గెలుపునందు దోషమున్నదా? ఈ సంవత్సరపు సంచికకు ఏదైన వ్రాయుమని సంపాదకులు కోరగా, క్రైస్తవ విద్యాశాలయందు ఈ ప్రశ్నను విడిచిపెట్టరాదని తలచి ఈ వ్యాసమును వ్రాయుచున్నాము.

ఈ ప్రశ్న మాకు పుస్తకములలో దొరికినది కాదు. గడచిన విద్యాసంవత్సరమున వసతిగృహమందుండి పదియవ తరగతి చదువుచుండిన ఒక బాలుడు సాయంకాల ప్రార్థన ముగిసిన పిమ్మట మాయొద్దకు వచ్చెను. ఐదుగురు బాలురు కూడి తలకు 20 రూపాయల చొప్పున వేసికొని, క్రికెట్టు పోటీలో ఒక జట్టు చేయు పరుగులెన్నియో ఊహించి పందెము వేసిరట. ఇతని ఊహ అందరి ఊహలకంటె దగ్గరగా నుండుటచేత ఆ 100 రూపాయలును ఇతనికే వచ్చెనట. అందులో పదియవ భాగమును ఆదివారమునాడు కానుక సంచిలో వేసితినని కూడ చెప్పెను. పిమ్మట ఇట్లు అడిగెను: “మాష్టారూ, నేను ఎవరి సొమ్మును దొంగిలించలేదు గదా. ఆటలో మోసము చేయలేదు. వారందరును ఇష్టపడియే పెట్టిరి. ఇందులో పాపమేమున్నది? జూదమాడరాదని బైబిలులో ఎక్కడ వ్రాయబడియున్నది?”

ఇట్టి ప్రశ్నకు కోపముతో ప్రత్యుత్తరము చెప్పుట సులభము. కాని ఆ బాలుడు దాచుకొనియుండిన యెడల మాకు ఏమియు తెలిసియుండదు. దాచుకొనక అడిగినవానికి ఆలోచించి చెప్పవలసిన బాధ్యత ఉపాధ్యాయునిది. శనివారము రమ్మని చెప్పి అతనిని చదువునకు పంపితిమి. ఆనాడు అతనికి చెప్పిన మాటలనే, ఇంకను కొంత విస్తరించి, ఇచ్చట వ్రాయుచున్నాము.

మొదట సత్యమును ఒప్పుకొనవలెను. జూదమాడరాదని పేరు పెట్టి చెప్పిన ఆజ్ఞ పరిశుద్ధ గ్రంథమునందు లేదు. పైగా చీట్లు వేయుట అనేక స్థలములలో కనబడును. యెహోషువ కాలమున వాగ్దానదేశమును గోత్రములకు చీట్లు వేసియే పంచిరి. యోనా ఎక్కిన ఓడలోని నావికులు తుపానుకు కారకుడెవడో తెలిసికొనుటకు చీట్లు వేసిరి. ఇస్కరియోతు యూదా స్థానమున మరియొక అపొస్తలుని నిలుపవలసి వచ్చినపుడు శిష్యులు ప్రార్థించి ఇద్దరి పేరులపై చీట్లు వేయగా మత్తీయ పేరు వచ్చెను. కావున చీటిగాని పాచికగాని తనంతట తాను అపవిత్రమైనది కాదు. అయితే ఆ చీట్లకును పందెమునకును గల భేదమును చూడుడు. అచ్చట ఎవడును ఏమియు ఒడ్డలేదు. మత్తీయ పేరు వచ్చినందున రెండవవాని యింటిలో పొయ్యి ఆరిపోలేదు. మనుష్యులు తమ పక్షపాతమును ప్రక్కకు పెట్టి దేవుని నిర్ణయమును కోరిరి. పందెమునందు కోరునది దేవుని నిర్ణయము కాదు, పొరుగువాని డబ్బు.

రెండవది, ఫలితము తెలియక సాహసించుటయంతయు జూదము కాదు. “రైతు విత్తనము చల్లుటయు జూదమే గదా” అని కొందరు పెద్దలు సయితము అనుచుందురు. వాన రావచ్చును, రాకపోవచ్చును, గోదావరి పొంగవచ్చును. ఇది నిజమే. కాని రైతు గెలిచిన యెడల ఎవడు ఓడెను? చల్లినది కొన్ని బస్తాలు, కోసినది అనేక బస్తాలు. మునుపు లేని ధాన్యము లోకములోనికి వచ్చెను. కూలివానికి పని దొరకెను, పిచ్చుకకు గింజ దొరకెను. తలాంతుల ఉపమానమందు ప్రభువు గద్దించినది వ్యాపారము చేసిన దాసులను కాదు, భయపడి యజమానుని సొమ్మును భూమిలో పాతిపెట్టిన దాసుని. కావున క్రైస్తవుడు సాహసమునకు వెరవనక్కరలేదు. పందెపు చాపమీద మాత్రము ఏమియు మొలవదు. రాత్రి పది గంటలకు అక్కడ చేరిన సొమ్మెంతయో తెల్లవారిన తరువాతను అంతే. చేతులు మాత్రమే మారును. ఆడించువాని వాటా పోయిన యెడల అంతయు కూడ ఉండదు.

ఆ వాటా ఎట్లు పోవునో మేము గణితపు తరగతిలో బాలురచేత లెక్క కట్టించితిమి. తిరునాళ్లలో ఆరు బొమ్మల పలకను పరచి పాచికలు వేయు ఆటలను చాలమంది చూచియుందురు. ఒక్కొక్క పాచికకు ఆ ఆరు బొమ్మలే ఉండి, మూడు పాచికలు వేయుదురనుకొందము. నీవు ఒక రూపాయి పెట్టిన బొమ్మ ఒక పాచికపై పడిన యెడల ఒక రూపాయి, రెంటిపై పడిన రెండు రూపాయలు, మూటిపై పడిన మూడు రూపాయలు లాభము. ఏ పాచికపైనను పడకున్న నీ రూపాయి పోవును. బొమ్మలు ఆరు, పాచికలు మూడు, కనుక సగము సార్లు గెలుతుమని బాలురు తలచిరి. ఆడించువాడును అట్లే తలచుడని కోరును. కాని మూడు పాచికలు పడు విధములు మొత్తము 216. అందులో నీ బొమ్మ ఒక్క పాచికపైనను పడని విధములు 125. ఒక దానిపై పడునవి 75, రెంటిపై పడునవి 15, మూటిపై పడునది 1. అనగా 216 రూపాయలు ఒక్కొక్కటిగా పెట్టినవానికి లెక్క ప్రకారము వచ్చు లాభము 75, 30, 3 కలిసి 108, పోవునది 125. తేడా 17 రూపాయలు ఆడించువాని పెట్టెలో పడును.

అప్పుడొక బాలిక లేచి, ఆరుగురు ఆరు బొమ్మలపైనను తలకొక రూపాయి పెట్టిన నేమగునని అడిగెను. ఇది మంచి ప్రశ్న. మూడు పాచికలపై మూడు వేరు బొమ్మలు పడినపుడు ముగ్గురు ఓడుదురు, ముగ్గురు గెలుతురు. ఆడించువానికి ఏమియు మిగులదు. రెండు పాచికలపై ఒకే బొమ్మ పడినపుడు నలుగురు ఓడి నాలుగు రూపాయలిత్తురు. గెలిచిన ఇద్దరికి చెల్లునది మూడు రూపాయలే. మూడును ఒకటే యైనపుడు ఐదుగురు ఓడుదురు, చెల్లునది మూడే. అతడు ఏనాడును ఓడడు. పాచికలలో మోసము లేకున్నను లెక్కయే అతని పక్షమున నున్నది. దీనిని బల్లమీద చూచిన పిమ్మట తరగతి కొంతసేపు నిశ్శబ్దముగా నుండెను. ఫ్రాన్సు దేశమున పాస్కల్, ఫెర్మా అను పండితులు 1654లో జూదపు పందెమును గూర్చి ఉత్తరములు వ్రాసికొనుచు ఈ సంభావ్యతా శాస్త్రమునకు పునాది వేసిరని అప్పుడు చెప్పితిమి.

అయితే గణితము చెప్పినది జూదము తెలివితక్కువ అని మాత్రమే. తప్పు అని చెప్పుట గణితమునకు శక్యము కాదు. మన బాలుని పందెములో ఆడించువాడెవడును లేడు. ఐదుగురి సొమ్ము ఐదుగురిలోనే ఉండెను. కావున అతని ప్రశ్న ఇంకను నిలిచియే యున్నది.

వారు ఇష్టపడియే పెట్టిరని అతడు చెప్పెను. ఈ యిష్టమును కొంచెము విప్పి చూడవలెను. అంగడిలో బియ్యము కొనినపుడు నాకు బియ్యము, అంగడివానికి డబ్బు. ఇద్దరును సంతోషముతో విడిపోవుదుము. బహుమానమిచ్చినపుడు ఇచ్చినవాడును పుచ్చుకొనినవాడును సంతోషింతురు. దొంగతనమందు తీసికొనినవానికే సంతోషము. పందెమో? అందరును గెలువవలెననియే పెట్టుదురు. ఓడుటకు ఇష్టపడి పెట్టినవాడొకడును లేడు. ప్రతివాడును తక్కినవారి సొమ్ము తనకు రావలెనని కోరుచు, అందు నిమిత్తము తన సొమ్మును అపాయమున పెట్టును. అందరి యిష్టమును ఒకరినొకరు దోచుకొను ఇష్టమే. ఇద్దరు ఒప్పుకొని కత్తులతో పోరాడి ఒకడు చచ్చిన యెడల, ముందుగా ఒప్పుకొనిరి గనుక హత్య కాదని చెప్పుదుమా? ఒప్పుదల వలన చెడ్డది మంచిది కాజాలదు. పది ఆజ్ఞలలో కడపటిది చేతిని గూర్చినది కాదు, హృదయమును గూర్చినది. పొరుగువానికి కలిగినదానిని ఆశించుటయే అచ్చట నిషేధింపబడినది. తీసికొనుట దాని తరువాతి మెట్టు.

పిమ్మట ఆ బాలుని మేమొక ప్రశ్న అడిగితిమి: “ఆ పందెము నడుచుచుండగా నీవు ప్రార్థించితివా?” అతడు కొంచెము సిగ్గుపడి, మనసులో ప్రార్థించితిననెను. “ఏమని?” అనగా మారు పలుకలేదు. తాను గెలువవలెనని ప్రార్థించుటయనగా తక్కిన నలుగురును ఓడవలెనని ప్రార్థించుటయే గదా. పొరుగువాని చేయి పట్టుకొని అతడు వినునట్లు చేయజాలని ప్రార్థన క్రైస్తవుని ప్రార్థన కాదు. ఒక పని మంచిదో చెడ్డదో తేలనపుడు మేము పట్టుకొను కొలబద్ద ఇదియే. బాలురకును దీనిని ఇచ్చుచున్నాము.

ఆ నలుగురిలో ఒకడు అతని గదిలోనే నిద్రించు స్నేహితుడు. వెనుకటి శనివారము ఆ స్నేహితుడు ఇంటికి పోలేదు. వంట్లో బాగుగా లేదని వార్డెనుగారితో చెప్పెను. నిజమునకు బస్సు చార్జీకని తల్లి యిచ్చిన డబ్బే పందెమున పోయినది. ఈ సంగతి వార్డెనుగారు విచారించి మాకు చెప్పియుండిరి గాని, గెలిచిన బాలునికి తెలియదు. చెప్పగా అతని ముఖము మారెను. పందెములో చేతికి వచ్చు నోటుమీద అది ఎవరి బస్సు చార్జీయో, ఎవరి మందుల డబ్బో వ్రాసియుండదు. తెలియకుండుటయే గెలుపునకు తీపి నిచ్చును. ఆ పైన అతడేమి చేసెనో మేము అడుగలేదు. తరువాతి శనివారము ఇద్దరును ఒకే బస్సు ఎక్కుట మాత్రము చూచితిమి.

సంఘము ఈ విషయమును క్రొత్తగా ఆలోచించుట లేదు. క్రీ. శ. 305 ప్రాంతమున స్పెయిను దేశమందలి ఎల్విరాలో కూడిన సభ, డబ్బు పెట్టి పాచికలాడు విశ్వాసిని ప్రభువు బల్లకు దూరముగా ఉంచవలెననియు, మానుకొనిన యెడల ఒక సంవత్సరము పిమ్మట చేర్చుకొనవచ్చుననియు నిబంధన చేసెను. జాన్ వెస్లీ 1760లో ప్రచురించిన ధన వినియోగమును గూర్చిన ప్రసంగమందు, కష్టపడి సంపాదించుమని ప్రోత్సహించుచునే, పొరుగువానికి నష్టము కలిగించి సంపాదించు మార్గములలో జూదమును చేర్చెను. అయితే క్రైస్తవులందరును ఒకే మాట చెప్పరు. 1992లో వెలువడిన రోమను కతోలిక సంఘపు బోధగ్రంథము, అదృష్టపు ఆటలును పందెములును తమంతట తాము న్యాయవిరుద్ధములు కావనియు, ఒకని అవసరములకును ఇతరుల అవసరములకును కావలసినదానిని హరించినపుడు తగనివగుననియు బోధించును. ఆ సహోదరుల మాటను మేము గౌరవింతుము. ఆ కొలతను పట్టుకొని చూచినను మన పల్లెలలో ఎందరి పందెపు డబ్బు అవసరమునకు మించిన డబ్బు? ఫీజుగాని, కౌలుగాని, అప్పు వాయిదాగాని కాని 20 రూపాయలు ఎన్ని యిండ్లలో కలవు?

ఇక చట్టమును గూర్చి. “రమ్మీ నైపుణ్యముతో ఆడు ఆట; న్యాయస్థానమే చెప్పినది” అని వాదించువారు తరచుగా కనబడుదురు. సికింద్రాబాదులోని ఒక క్లబ్బు విషయమై 1967లో తీర్పు చెప్పుచు, రమ్మీ ప్రధానముగా నైపుణ్యముపై ఆధారపడు ఆట యని సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. జూదము రాజ్యాంగము కాపాడు వ్యాపారము కాదని 1957లో చెప్పినదియు ఆ న్యాయస్థానమే. తెలంగాణము 2017లోను, ఆంధ్రప్రదేశము 2020లోను తమ 1974 నాటి చట్టములను సవరించి ఆన్‌లైను జూదమును నిషేధించెను. నైపుణ్యపు ఆట యైనను అదృష్టపు ఆట యైనను డబ్బు ఒడ్డించి ఆన్‌లైనులో ఆడించుటను నిషేధించుచు 2025 ఆగస్టులో భారత పార్లమెంటు చట్టము చేసెను. చట్టములు మారుచుండును, వాటికి లోబడుట మన విధి. కాని క్రైస్తవుని మనస్సాక్షి అడుగు ప్రశ్న వేరు. నైపుణ్యము గలవాడు లేనివాని యొద్దనుండి లాగుకొనుట అదృష్టముచేత లాగుకొనుటకంటె ఏ విధముగా మేలు? చదువు వచ్చినవాడు రానివానికి నేర్పవలెను, బలముగలవాడు బలహీనుని మోయవలెను అని మన ప్రభువు నేర్పిన మార్గము. తెలివిని పొరుగువాని జేబు ఖాళీ చేయుటకు వాడుట నైపుణ్యము కాదు, తలాంతును తలక్రిందులు చేయుట.

గెలుపు పొరుగువానికే గాక గెలిచినవాని యింటికిని చేటు. మేము కొన్ని సంవత్సరముల క్రిందట సంక్రాంతి దినములలో డెల్టా ప్రాంతపు ఒక గ్రామములో మా విద్యార్థిని యింటికి వెళ్లితిమి. బాగుగా చదువు పిల్ల. ఇంటరులో చేర్చు విషయము తండ్రితో మాటలాడవలెనని మా ఉద్దేశము. తండ్రి ఇంటలేడు. ఊరి చివర తోటలో కోడిపందెముల బరి యొద్ద నుండెను. ప్రక్కనే గుండాటయు పేకాటయు సాగుచుండెను. కోళ్లను పోరాడించుట 1960 నాటి జంతుహింస నివారణ చట్టము ప్రకారము నేరమని అక్కడివారందరును ఎరిగినవారే. ఇంతలో ఒక కుఱ్ఱవాడు పరుగున వచ్చి, “మామ గెలిచాడత్తా!” అని కేక వేసెను. మేము సంతోషింతుమో విచారింతుమో తెలియక ఆ తల్లివైపు చూచితిమి. ఆమె పెరటి గుమ్మమున కూలబడి ఇట్లనెను: “ఓడిన రోజున నాకింత బెంగ ఉండదండి మాష్టారూ. చేతిలో డబ్బుండదు గనుక ఇంటికొస్తారు, పొద్దున్నే పనికెళ్తారు. గెలిచిన రోజే నాకు గుండె దడ.”

చదువుకొనని ఆ తల్లి చెప్పినంత స్పష్టముగా ఏ ప్రసంగియు మాకు చెప్పియుండలేదు. ఓటమి మనుష్యుని ఇంటికి పంపును. గెలుపు మరల బరికి పంపును. కూలి డబ్బు వంద రూపాయలు ఎంత కష్టమో గెలిచినవానికి అటుపిమ్మట గుర్తుండదు. ఒక క్షణమున వచ్చినది చూచిన కంటికి ఒక దినమంతయు పనిచేసి తెచ్చుకొనినది అల్పముగా తోచును. ఆ పిల్ల ఇంటరులో ఆ యేడు చేరలేదు. మరుసటి యేడు చేరినది. ఫీజు కట్టినది తల్లి, రొయ్యల షెడ్డులో పనిచేసి.

ఇప్పుడు కానుక సంచిలో వేసిన పదియవ భాగపు సంగతి. యూదా తిరిగి తెచ్చి పారవేసిన వెండి నాణెములను కానుకపెట్టెలో వేయుటకు ఆ ప్రధానయాజకులు సయితము జంకిరి. ప్రభువును చంపించుటకు జంకనివారు సొమ్ము విషయమున జంకిరనుట విచారకరమే. అయినను ప్రతి రూపాయియు దేవుని మందిరమునకు తగదని వారికిని తెలిసియుండెను. జక్కయ్య తన సొమ్మును మందిరమునకు తీసికొనిపోలేదు. ఎవరియొద్ద అన్యాయముగా తీసికొనెనో వారికి నాలుగంతలు తిరిగి యిచ్చెదనని చెప్పెను. పదియవ భాగము తక్కిన తొమ్మిది భాగములను కడుగజాలదు.

ఈ న్యాయము బాలునికే గాదు, పెద్దలమైన మనకును చెల్లును. కొంతకాలము క్రిందట ఒక గ్రంథాలయపు బీరువాల నిమిత్తము ధనము కూర్చవలసి వచ్చినపుడు, టిక్కెట్లు అమ్మి లక్కీ డ్రా తీసి, మొదటి బహుమతిగా గ్యాసు పొయ్యి నిత్తమని కమిటీలో ఒక ప్రతిపాదన వచ్చెను. మేము దానికి సమ్మతింపలేదు. కోతపండుగ వేలములో ఒక గుమ్మడికాయను దాని వెలకు పదిరెట్లిచ్చి కొనిన భక్తుడు తానిచ్చునది కానుక యని ఎరిగియే యిచ్చును. దానివలన ఎవడును ఓడడు. టిక్కెట్టు కొనువాడో, పుస్తకముల కొరకు ఇచ్చుచున్నాడో పొయ్యి కొరకు ఇచ్చుచున్నాడో తానే చెప్పజాలడు. ఒక బాలుని పందెమునకు శిక్షించి, మరుసటి వారము అదే బాలునిచేత టిక్కెట్లమ్మించుట ఎట్లని అడిగితిమి. చాలసేపు చర్చ జరిగెను. మంచివారే రెండు పక్షముల నుండిరి. తుదకు డ్రా మాని, చందాలే వసూలు చేసిరి. డ్రా వలన వచ్చునని తలచినంత సొమ్ము రాలేదు. నాలుగు బీరువాలు కొనదలచి రెండే కొనిరి. మిగిలిన పుస్తకములు చాలకాలము అట్టపెట్టెలలోనే ఉండెను. మంచి మార్గమందు నడుచువానికి నష్టము లేదని మేము చెప్పము, ఉన్నది. ఆ రెండు ఖాళీ స్థలములు ఆ నష్టపు గుర్తులు.

కడపట ఒక మాట. సువార్తలలో పందెము వంటి ఆట ఒక్క స్థలమున కనబడును. ప్రభువును సిలువ వేసిన సైనికులు ఆయన వస్త్రములను నాలుగు భాగములు చేసికొనిరి. అంగీ మాత్రము కుట్టులేక పైనుండి యావత్తు నేయబడినది గనుక దానిని చింపక, ఎవనికి వచ్చునో అని చీట్లు వేసిరి. మన బాలుడు చెప్పిన మూడు మాటలును వారికి చెల్లును. వారి లెక్కలో వారు దొంగిలించలేదు. మరణశిక్ష పొందినవాని వస్త్రములు తమవేయని తలచిరి. చీట్లలో మోసము జరిగినట్లు వ్రాయబడలేదు. నలుగురును ఇష్టపడియే వేసిరి. అందులో ఒకనికి గెలుపు వచ్చెను. అతడు మంచి అంగీని చేతపట్టుకొని సంతోషించియుండును. అతని పేరు ఏ సువార్తికుడును వ్రాయలేదు. అతని తలకు పైగా, చేయెత్తిన అందునంత దూరమున, ఆ అంగీ ఎవరిదో ఆయన వ్రేలాడుచుండెను. జూదమనగా ఏమో మాకు ఎవరైన అడిగిన యెడల ఇంతకంటె మంచి నిర్వచనము మేము చెప్పజాలము: సొమ్ముగలవాడు బాధపడుచుండగా అతని సొమ్ము ఎవనికి వచ్చునో అని క్రిందికి చూచుట.

తల్లిదండ్రులారా, నేడు బరి ఊరి చివర తోటలో మాత్రమే లేదు. మీ యింటిలో, మీరు బిడ్డ చేతికిచ్చిన సెల్‌ఫోనులో నున్నది. చట్టము ఒక ద్వారమును మూసినను మోసగాండ్రు మరియొకటి తెరతురు. బిడ్డ చేతిలోని ఫోనులో మీ బ్యాంకు ఖాతాకు దారి యున్నదేమో చూచుకొనుడు. పండుగనాడు సరదాకని పది రూపాయలిచ్చి పేకముక్కల యొద్ద కూర్చుండబెట్టకుడు. బిడ్డ గెలిచి వచ్చినపుడు నవ్వకుడు. ఓడి వచ్చినపుడు కొట్టకుడు. ఓడి కొట్టబడిన బిడ్డ తరువాతి అప్పును మీకు చెప్పడు.

బాలబాలికలారా, మీలో ఎవరైన ఈపాటికే పందెములలో దిగి, తోటివారికో ఊరిలోని పెద్దవారికో బాకీపడియుండిన యెడల, ఆ బాకీని మరియొక పందెముచేత తీర్చజూడకుడు. ఎంత సొమ్మైనను ఒక మనుష్యుని ప్రాణమునకు సరితూగదు. ఇంటివారికి ముఖము చూపలేమని తలచవలసినంత అప్పు ఏదియు లేదు. మాయొద్దకు రండు. ఎవరు గెలిచిరి, ఎవరు ఓడిరి అని ముందుగా అడుగము. కూర్చుండబెట్టి లెక్క చూతుము, మీ తండ్రిగారితో మేమే మాటలాడుదుము. సాయంకాల ప్రార్థన ముగిసిన తరువాత ఒక గంటసేపు ఉపాధ్యాయుల గది తలుపు తీసియే యుండును.